శబ్ద సహాయకుడు

లక్కోజు మాణిక్యాంబ చెవుల్లో దూది పెట్టుకోవడం ఏదో ఒకనాటికి రాష్ట్ర సమస్య అవుతుందని సీతలంక కంచరవీధిలో ఎవరూ అనుకోలేదు. మాణిక్యాంబ అసలే అనుకోలేదు. ఆవిడకి అప్పటికే పదో తరగతి లెక్కల పరీక్ష అనే సమస్య ఒకటుంది. రెండోదానికి తీరిక లేదు.

కంచరవీధి అంటే ఇత్తడి బిందెలూ, గంగాళాలూ, కాగులూ సాగగొట్టే వీధి. పొద్దున్న ఎనిమిదింటికి మొదలైన సుత్తుల మోత భోజనాల వేళ ఓ గంట ఆగి, మళ్లీ దీపాలు పెట్టేదాకా నడుస్తుంది. ఆ వీధి పిల్లలు ఉయ్యాల్లో నిద్రపోవాలంటే సుత్తి మోగాలి, ఆగితే లేచి ఏడుస్తారు. మాణిక్యాంబ ఆ వీధికి కోడలిగా వచ్చి ఇరవై నాలుగేళ్లయింది. హైస్కూలు ఆవరణలో ఓ మూలనున్న అంగన్‌వాడీలో ఆయా. పిల్లల ముక్కులు తుడవడం, వాళ్లకింత వండి పెట్టడం, టీచరమ్మ రాని రోజున టీచరమ్మ పని కూడా చెయ్యడం ఆవిడ ఉద్యోగం. టీచరమ్మ చాలా రోజులు రాదు.

ఆ టీచరమ్మ ఇప్పుడు రిటైరవుతోంది. ఆ కుర్చీ ఆయాకి ఇవ్వచ్చని రూలుంది. అయితే పదో తరగతి ప్యాసై ఉండాలి, నలభై అయిదేళ్లు నిండి ఉండకూడదు. మాణిక్యాంబకి నలభై నాలుగు. దూరవిద్యలో కట్టి తెలుగూ, సాంఘికమూ, సైన్సూ గట్టెక్కింది. ఇంగ్లీషు కూడా ఎలాగో దాటింది. లెక్కలు మిగిలాయి. ఇన్నేళ్లూ చేసిన పనికి టీచరమ్మ అని పిలిపించుకోవాలన్న కోరిక ఆవిడకి బలంగా ఉంది, దాన్ని దాచుకోను కూడా లేదు.

మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చి, దూదిని నువ్వులనూనెలో తడిపి రెండు ఉండలు చేసి చెవుల్లో పెట్టుకుని లెక్కలకి కూచునేది. దూది పెట్టినంత మాత్రాన మోత పూర్తిగా ఆగదు. పక్క ఊళ్లో ఎవరో కొడుతున్నట్టు సన్నగా వినబడుతూనే ఉంటుంది. అరుగు మీద మొగుడు బ్రహ్మాజీ బిందె సాగగొడుతుంటే, లోపల ఆవిడ వర్గ సమీకరణాలు సాగగొట్టేది. అలా ఏడాది గడిచింది.

మార్చిలో పరీక్ష రాయడానికి వెళ్లినప్పుడు అలవాటు చొప్పున ఆ దూదితోనే వెళ్లింది. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ రోజు కేంద్రానికి ఆకస్మిక తనిఖీకి వచ్చినవారు సామాన్యులు కారు, దూరవిద్యా పరీక్షల మండలి సంయుక్త సంచాలకులు నిడమర్తి గోపాలస్వామిగారు. ఆయన మాణిక్యాంబ బల్ల దగ్గర నిలబడి హాల్ టికెట్టు చూపించమన్నారు. ఆవిడ ఓ వృత్తానికి స్పర్శరేఖ గీస్తోంది, తలెత్తలేదు. మళ్లీ అడిగారు. మూడోసారి కాస్త గట్టిగా అడిగేసరికి గదిలో తక్కిన అందరూ తమ హాల్ టికెట్లు తీసి చూపించారుగానీ మాణిక్యాంబ గీత పూర్తి చేసింది. సర్వీసులో తను పిలిస్తే పలకని మనిషిని గోపాలస్వామిగారు చూడ్డం అదే మొదలు. ఇన్విజిలేటరు భుజం తట్టాక, ఆవిడ ఓ చెవిలోంచి దూది తీసి ఏవిటండీ అంది.

ఎందుకు పెట్టుకున్నావని అడిగితే అలవాటని చెప్పింది.

“అలవాటు అనే కారణం నిబంధనావళిలో లేదు,” అన్నారు గోపాలస్వామిగారు.

ఆ రెండు ఉండల్నీ తెల్లకాగితం మీద పెట్టించి, పోగు పోగూ విప్పించి చూశారు. లోపల ఏమీ లేదు. ఏమీ లేకపోవడం మరీ అనుమానంగా తోచి, కవర్లో పెట్టి లక్క సీలు వేయించారు. ఆ కవరుతోబాటు మాణిక్యాంబ జవాబుపత్రం కూడా వెళ్లిపోయింది. ఆవిడ ఇంటికెళ్లి ఏడ్చింది. బ్రహ్మాజీ ఆ పూట సుత్తి ముట్టలేదు.

దూది సంగతి నిబంధనావళిలో ఎక్కడా లేకపోవడంతో మండలి ఓ సంఘం వేసింది. ఆ సంఘం అయిదుసార్లు కూచుంది. దాని నివేదిక హైస్కూలుకి వచ్చిన రోజున మాణిక్యాంబ మొత్తం విన్నది. కేంద్రానికి చీఫ్ సూపరింటెండెంటు కూడా అయిన హెడ్మాస్టరు పుల్లంరాజుగారికి, వచ్చిన ప్రతి కాగితాన్నీ పైకి చదివి ఆ తర్వాత నిట్టూర్చే అలవాటుంది. ఆయన గదికీ అంగన్‌వాడీకీ మధ్య ఒక్కటే గోడ.

నిశ్శబ్దము మేధస్సుకు దోహదకారి అని సంఘం తేల్చిందట. ఒక అభ్యర్థిని తన సొంత ఏర్పాటుతో నిశ్శబ్దం అనుభవిస్తుండగా, తక్కినవారు శబ్దంలో రాయడం సమానావకాశ సూత్రానికి విరుద్ధమట. దీనికి మార్గాలు రెండున్నాయి. ఆవిడ దూది తీయించడం ఒకటి, అందరికీ పెట్టించడం రెండోది. మొదటిదానికి సంఘం అవసరం లేదు కాబట్టి సంఘం రెండోదాన్ని సిఫారసు చేసింది. ఇకపై ప్రతి అభ్యర్థీ మండలివారు సరఫరా చేసే రబ్బరు ‘శ్రవణ నిరోధినులు’ రెండు చెవులా ధరించి పరీక్ష రాయాలి. ధరించనివారి మీద కాపీ కొట్టినవారితో సమానంగా చర్య తీసుకుంటారు.

అంటే మార్చిలో పెట్టుకున్నందుకు పోయిన పరీక్ష, అక్టోబరులో మళ్లీ రాసేటప్పుడు పెట్టుకోకపోతే పోతుంది. మాణిక్యాంబ పిల్లలకి గుడ్లు ఒలుస్తూ ఈ సంగతి రెండుసార్లు ఆలోచించి, పెద్దవాళ్ల వ్యవహారం మనకెందుకని ఊరుకుంది. ఆవిడ పోయిన పేపరు సంగతి మాత్రం ఆ నివేదికలో లేదు. మళ్లీ ఫీజు కట్టి రాసుకోవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

శ్రవణ నిరోధిని అనే మాట పలకడానికి ఓపిక లేక ఊళ్లోవాళ్లు దాన్ని బిరడా అన్నారు. బిరడాల వెనక కాగితాలు వరసగా వచ్చాయి. బిరడాలు పెట్టుకుంటే గంట వినబడదు గనక గంట బదులు జెండాలు ఊపాలి. మొదలుకి పచ్చ, ఆఖరుకి ఎర్ర, అదనపు కాగితం కావాలంటే పసుపు. ఇన్విజిలేటరు పిలిస్తే వినబడదు గనక భుజం తట్టాలి. పరాయి ఆడవాళ్లని తట్టడం బాగుండదు గనక కర్ర చివర గుడ్డ ఉండ కట్టి దాంతో తట్టాలి. పుట్టుచెవుడు ఉన్నవాళ్ల సంగతేమిటని ఏదో కేంద్రంవారు అడిగితే దానికీ జవాబొచ్చింది. మినహాయింపు కోరే చెవిటివారు వైద్యాధికారి ఎదుట హాజరై, నిరోధినులు లేకుండా ఒకసారి, ఉంచుకుని ఒకసారి, తమకు వినబడటం లేదని నిరూపించుకోవలెను. పుల్లంరాజుగారు ఇది చదివి రెండు నిట్టూర్పులు విడిచారు.

అసలు ముడి పదకొండు గళ్ల నమూనా పత్రంలో పడింది. పరీక్షకి ముందు ప్రతి కేంద్రంలోనూ రిహార్సలు చేసి ఆ పత్రం నింపి పంపాలి. ఏడో గడిలో కేంద్రంలో నమోదైన శబ్దం ఎంతో రాయాలి. ఎనిమిదో గడిలో నిరోధినులు నిరోధించిన శబ్దం ఎంతో రాయాలి. సీతలంక హైస్కూలు కాలవగట్టున, వరిచేల మధ్య ఉంది. పైగా దసరా సెలవులు. పుల్లంరాజుగారు మండలివారు పంపిన మీటరు పట్టుకుని ఆవరణంతా తిరిగి, కొంగల రెక్కల చప్పుడు తప్ప ఏమీ దొరక్క, ఏడో గడిలో ‘నిల్’ అని రాశారు. అది నిల్ గనక ఎనిమిదోదీ నిల్లే. నిజం రాసిన తృప్తితో ఆయన ఆ పూట నిట్టూర్చలేదు.

వారంలో జవాబొచ్చింది. నిల్ రిపోర్టు అంగీకరించబడదు. మార్చిలో దూది పట్టుబడినది ఈ కేంద్రంలోనే గనక, ఇచట శబ్దము లేదనుట నమ్మశక్యముగా లేదు. శబ్దము లేని కేంద్రములో నిరోధినుల సామర్థ్యము నిరూపించబడజాలదు. సామర్థ్యము నిరూపించబడని కేంద్రమును రద్దుచేసి అభ్యర్థులను జిల్లా కేంద్రమునకు మార్చెదము. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది వ్యవహారం.

జిల్లా కేంద్రం డెబ్భై కిలోమీటర్లు. పొద్దున్న తొమ్మిదింటికి అక్కడ ఉండాలంటే ముందు రోజే వెళ్లి ఎవరింట్లోనో పడుకోవాలి. మాణిక్యాంబకి అక్కడ ఎవరూ లేరు. గోడ అవతల ఈ ముక్క వినగానే ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

పుల్లంరాజుగారు శబ్దం కోసం బయల్దేరారు. పదేళ్లుగా పిల్లల్ని శబ్దం చెయ్యొద్దని అరిచిన మనిషికి ఇప్పుడు శబ్దం కావలసొచ్చింది. డ్రిల్లు మాస్టారి విజిలు పనికొస్తుందా అని రాశారు. విజిలు ఆదేశం కిందికి వస్తుందిగానీ శబ్దం కిందికి రాదన్నారు. మైకు పెట్టి పాటలు వేస్తామన్నారు. పాటలో మాటలుంటాయి, మాటల్లో జవాబులుండవచ్చు, వీల్లేదన్నారు. బ్యాండు మేళం అన్నారు. రాగాన్ని బట్టి సంకేతాలు పంపే ప్రమాదం ఉందన్నారు. చివరికి గోపాలస్వామిగారే స్వయంగా స్పష్టత ఇచ్చారు. అర్థము, రాగము, సందేశము లేని నిరంతర శబ్దము కావలెను. అది ఎనభై అయిదు డెసిబెల్సుకు తగ్గరాదు. కేంద్రానికి ఒక ‘శబ్ద సహాయకుడి’ని నియమించుకొనవచ్చును.

పుల్లంరాజుగారు ఆ కాగితం చదివి ఒక నిట్టూర్పు విడిచారు. తర్వాత గోడ ఇవతలికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“మాణిక్యం, మీ ఆయన ఖాళీయేనా?” అన్నారు.

బ్రహ్మాజీ ససేమిరా అన్నాడు. పెళ్లాం లోపల లెక్కలు రాసుకుంటుంటే కిటికీ కింద కూచుని బిందె కొట్టడం ఏ మొగుడైనా చేసే పనేనా అని అడిగాడు. ఆమాత్రం ఇంగితం తనకుందన్నాడు. కొట్టకపోతే కేంద్రమే ఉండదని, కేంద్రం లేకపోతే పరీక్షే ఉండదని మాణిక్యాంబ నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది. రేపో మాపో ఆ కాలవగట్టు బడిలో తను టీచరమ్మ కావాలంటే ఆయన కొట్టక తప్పదు. చివరికి సరేనన్నాడుగానీ ముఖం మాత్రం మాడ్చుకునే ఉన్నాడు.

అతనికి ఫోటో అంటించిన గుర్తింపు కార్డు ఇచ్చారు. మా బంధువులెవరూ ఈ కేంద్రంలో పరీక్ష రాయడం లేదని సిబ్బంది అంతా సంతకం పెట్టాలి. ఆ పత్రంలో ఇన్విజిలేటరుకీ, గుమాస్తాకీ, అటెండరుకీ, మంచినీళ్లు పోసే ఆవిడకీ గళ్లున్నాయి. శబ్ద సహాయకుడు కొత్త పోస్టు గనక అతనికి గడి లేదు. గడి లేదు గనక ఎవరూ అడగలేదు. కాగితం అడగని సంగతి చెప్పడమనే తప్పు పుల్లంరాజుగారు సర్వీసులో ఒక్కసారే చేశారు. ఆయన సీతలంకకి బదిలీ అయింది ఆ తప్పుకే.

పరీక్ష రోజు రానే వచ్చింది. నలభై ముగ్గురు అభ్యర్థులు కుడి చెవికో సంతకం, ఎడమ చెవికో సంతకం పెట్టి బిరడాలు పుచ్చుకున్నారు. వాటిని ప్రామాణిక చెవి కొలతతో చేయించారట. ఆ నలభై ముగ్గురిలో ప్రామాణిక చెవి ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. కొందరికి లోపలికి పోలేదు, కొందరికి పోయి బయటికి రాలేదు. పచ్చజెండా ఊగింది. వరండాలో కిటికీ కింద బ్రహ్మాజీ ఇనప సుత్తి ఎత్తాడు. పక్కనే కుర్చీలో గోపాలస్వామిగారు మీటరు పట్టుకుని కూచున్నారు. ముల్లు ఎనభై అయిదు దిగితే చాలు, ఇంకా గట్టిగా కొట్టమని చెయ్యి ఊపుతున్నారు.

బిరడాలు దేన్నీ ఆపలేదు. మహా అయితే కాస్త పలచబరిచాయి. కాలవగట్టు ప్రశాంతతలో పుట్టి పెరిగిన నలభై ఇద్దరూ మొదటి అరగంటకే తలలు పట్టుకున్నారు. ఒకాయన చక్రవడ్డీ కడుతూ కడుతూ బల్ల మీద తల వాల్చేశాడు. మాణిక్యాంబకి మాత్రం తన ఇంటి వెనక గదిలో కూచున్నట్టుంది. దూది లోంచి ఎంత మోత వినబడేదో బిరడాల్లోంచి సరిగ్గా అంతే వినబడుతోంది. ఏ లెక్క ఏ దెబ్బల మధ్య నేర్చుకుందో ఆ దెబ్బలతోనే అది వచ్చి కూచుంటోంది. ఎర్రజెండా ఊగేదాకా ఆవిడ తలెత్తలేదు. బయటికొచ్చాక చాలాకాలం తర్వాత కడుపునిండా అన్నం తింది.

సామర్థ్య నివేదిక ఆ రోజే వెళ్లింది. ఎనిమిదో గడిలో ఈసారి మండలివారే ‘నూటికి నూరు శాతం’ అని అచ్చువేసి పంపారు. రాసేవాళ్లకి శ్రమ లేకుండా సంతకం పెడితే చాలు. గోపాలస్వామిగారు సంతకం పెట్టారు. పైనుంచి ఆయనకి ప్రశంసాపత్రం వచ్చింది. ఎక్కడో పెద్ద సదస్సులో ఈ ప్రయోగం గురించి మాట్లాడమని పిలుపు కూడా వచ్చిందని చెప్పుకున్నారు.

తర్వాత ఫలితాలొచ్చాయి. నలభై ఇద్దరు తప్పారు. నలభై మూడో నంబరు ఎదురుగా ‘విత్‌హెల్డ్’ అని ఉంది.

కంప్యూటరు పట్టుకుందట. కేంద్రం మొత్తంలో ఒకే ఒక్క అభ్యర్థిని ప్యాసవడం, ఆవిడ ఇంటి నంబరూ శబ్ద సహాయకుడి ఇంటి నంబరూ ఒకటే కావడం. టీచరమ్మ పోస్టుకి దరఖాస్తు గడువు ఇంకా ఆరు రోజులుంది. ఆ తర్వాత మాణిక్యాంబకి పుట్టినరోజు వస్తుంది, నలభై అయిదు నిండుతాయి. ఆరు రాత్రుల్లో రెండు రాత్రులు ఆవిడ కన్ను మూయలేదు. మూడోనాడు విచారణకి గోపాలస్వామిగారు వచ్చి పుల్లంరాజుగారి కుర్చీలో కూచున్నారు. మొగుడూ పెళ్లాలిద్దర్నీ ఎదురుగా నిలబెట్టారు.

“బిట్ పేపరులో ఎ అయితే ఒక దెబ్బ, బి అయితే రెండు, సి అయితే మూడు, డి అయితే నాలుగు. ఇది మా ప్రాథమిక అనుమానం,” అన్నారు.

బిట్లు ఇరవై. మూడు గంటల్లో పడిన దెబ్బలు తొమ్మిది వేల చిల్లర అని ఆయన లెక్క కట్టించుకుని వచ్చారు. అందులో సమాధానాలైన దెబ్బలు ఏవో, ఉత్తి దెబ్బలు ఏవో విడదీయవలసి ఉందన్నారు. అందుకోసం ఇంకో సంఘం వెయ్యాలని, అది నివేదిక ఇవ్వడానికి ఆరు నెలలు పట్టవచ్చని చెప్పారు. తాను నాలుగో తరగతితో బడి మానేశానని, ఆ పేపరు చేతికిచ్చినా చదవలేనని బ్రహ్మాజీ చేతులు జోడించాడు. చదవలేకపోవడం అనేది నిరూపించవలసిన విషయమని గోపాలస్వామిగారు రాసుకున్నారు.

ఆరు నెలలంటే మాణిక్యాంబకి గడువూ, పుట్టినరోజూ రెండూ దాటిపోతాయి. ఇన్నేళ్ల చాకిరీ ఆ ఒక్క మాటతో కాలవలో కలిసిపోయేలా ఉంది. చీర కొంగు చేతికి చుట్టుకుని ఒక అడుగు ముందుకేసింది.

“అయ్యా, ఒక్క ముక్క అడగొచ్చాండీ? ఆయన కొట్టిన దెబ్బలు నాకు వినబడ్డాయంటారా, వినబడలేదంటారా?”

“వినబడి ఉండవచ్చుననేదే అభియోగం.”

“వినబడ్డాయంటే బిరడాలు పనిచెయ్యలేదన్నమాటండి. నూటికి నూరుపాళ్లూ పనిచేశాయని తమరే సంతకం పెట్టారంట కదండీ. పనిచేస్తే మరి నాకెలా వినబడతాయండీ?”

గోపాలస్వామిగారు కలం మూత పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. ఈ ఆయాని పట్టుకుంటే ప్రశంసాపత్రం పోతుంది, సదస్సు పోతుంది, రాష్ట్రం నిండా కొన్న బిరడాల పరువు పోతుంది. పుల్లంరాజుగారు బీరువాలోంచి నివేదిక నకలు తీసి, ఎనిమిదో గడి పైకి కనబడేలా మడిచి, చప్పుడు చెయ్యకుండా బల్ల మీద పెట్టారు. సర్వీసులో కాగితం అడగని పని ఆయన చెయ్యడం అది రెండోసారి.

గోపాలస్వామిగారు ఆ గడి ఓసారి చూసుకుని తీర్పు చెప్పి రాయించారు.

“నిరోధినుల సంపూర్ణ సామర్థ్యం దృష్ట్యా, సదరు అభ్యర్థినికి ఎట్టి శబ్దమూ వినబడుటకు ఆస్కారము లేనందున, అభియోగము ఉపసంహరించడమైనది.”

నాలుగోనాడు మెమో చేతికొచ్చింది. లెక్కల్లో డెబ్భై ఒకటి. దరఖాస్తుకి దాన్ని జతచేసి, పోస్టులో ఇచ్చి, రసీదు కొంగున ముడేసుకుని ఇద్దరూ కాలవగట్టు వెంట ఇంటికి బయల్దేరారు. పరీక్ష రోజు నుంచీ బ్రహ్మాజీ మనసులో ఒక్కటే పీకుతోంది. తన సుత్తి వల్ల ఆవిడెంత అవస్థ పడిందోనని. చివరికి ఉండబట్టలేక, నిజంగానే ఏమీ వినబడలేదా మాణిక్యం అని అడిగాడు.

మాణిక్యాంబ వెనక్కి చూసి ఎవరూ లేరని నిశ్చయించుకుంది.

“ఆఖరి అరగంట ఆ మీటరు పెద్దాయన టీ తాగడానికి వెళ్లినప్పుడు, ఇనప సుత్తి పక్కన పెట్టి కొయ్య సుత్తి తీసుకున్నారు కదా,” అంది.

బ్రహ్మాజీ గతుక్కుమన్నాడు. ఆ సంగతి తనకి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాడు. నీ మీద జాలేసే తీసుకున్నానని గొణిగాడు.

“త్రికోణమితి లెక్క అక్కడే పోయిందండీ,” అంది మాణిక్యాంబ. “ఇనప సుత్తే ఉంచి ఉంటే మార్కులు ఎనభై దాటేవి.”